పాల పళ్ళు పుచ్చిపోతే మత్తు ఇచ్చి చేయించాల్సిందేనా?

ప్రశ్న: మాది విజయవాడ, సత్యనారాయణపురం. బాబుకి మూడున్నరేళ్ళు. పై ముందు పళ్ళు నాలుగూ చిగురు దగ్గర గోధుమ రంగులోకి వచ్చి అరిగినట్టున్నాయి. కింద దవడ పళ్ళు రెండింటిలో గుంటలు పడ్డాయి. నొప్పి అని ఏడవడం లేదు, అన్నం బాగానే తింటున్నాడు. రాత్రి పాలసీసా ఇంకా మానలేదు. చూపించిన చోట పూర్తి మత్తు ఇచ్చి ఆరు పళ్ళకీ ఒకేసారి ట్రీట్‌మెంట్ చేయాలన్నారు. వాడు అసలు నోరే తెరవడు. ఏదో మందు చుక్క రాస్తే పుచ్చు ఆగిపోతుందని మా చెల్లి చెప్పింది, కానీ పన్ను నల్లబడుతుందట. పైగా దాంట్లో ఫ్లోరైడ్ ఉంటుందని మా అత్తయ్యగారు ససేమిరా వద్దంటున్నారు, వాళ్ళది వినుకొండ వైపు. ఎలాగూ ఊడిపోయే పళ్ళే కదా, వదిలేయొచ్చా? ఎనిమిది నెలల పాప కూడా ఉంది. దానికి ఇలా కాకుండా ఏం చేయాలి?

జవాబు:

గుంటూరులో చాలా ఏళ్ళుగా పిల్లల పళ్ళే చూస్తున్నాను. మీరు రాసినలాంటి నోరు మాకు కొత్తేమీ కాదమ్మా, ముందు ఆ టెన్షన్ కాస్త పక్కన పెట్టండి. నొప్పి లేదు, తింటున్నాడు అన్నారు. ఇంకో మూడు సంగతులు ఇంట్లోనే చూసుకోండి. రాత్రి నిద్రలో లేచి చెంప పట్టుకుని ఏడుస్తున్నాడా? పుచ్చిన పన్ను దగ్గర చిగురు మీద చిన్న పొక్కులాంటిది, చీము కారేది ఏమైనా ఉందా? బుగ్గ ఎప్పుడైనా వాచిందా? వాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని, పెదవిని వేలితో ఎత్తి, ఫోన్ టార్చ్ వేసి చూస్తే తెలిసిపోతుంది. మూడూ లేకపోతే మీకు ఆలోచించుకోవడానికి టైమ్ ఉంది. ఏ ఒక్కటి ఉన్నా, ఆ పన్నులో నరం దాకా ఇన్‌ఫెక్షన్ వెళ్ళిందనే అర్థం, దానికి పైపైన రాసే మందులు పనికిరావు. వాపుతో పాటు జ్వరం ఉన్నా, కన్ను కింద దాకా వాచినా, మింగడం కష్టమైనా మాత్రం అదే రోజు, అర్ధరాత్రయినా సరే, ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

"ఊడిపోయే పళ్ళే కదా" అన్నదానికి సమాధానం పన్నును బట్టి ఉంటుంది. ముందు పళ్ళు ఆరు నుంచి ఎనిమిదేళ్ళ మధ్యలో ఊడతాయి. దవడ పళ్ళు పదేళ్ళు, పదకొండేళ్ళు, ఒక్కోసారి పన్నెండేళ్ళ దాకా ఉంటాయి. అంటే మీవాడు ఆ కింది రెండు పళ్ళతో ఇంకో ఏడెనిమిదేళ్ళు అన్నం నమలాలి. పైగా ఆరో ఏట వచ్చే మొదటి పెద్ద దవడ పన్ను సరిగ్గా వాటి వెనకే వస్తుంది. పాల దవడ పన్నును ముందే పీకేస్తే ఈ కొత్త పన్ను ఖాళీలోకి జరిగి కూర్చుంటుంది, ఆ తర్వాత రావాల్సిన పళ్ళకి చోటుండదు. పద్నాలుగేళ్ళకి క్లిప్పుల కోసం వచ్చే పిల్లల్లో కొంతమంది కథ ఇక్కడే మొదలవుతుంది. అందుకే దవడ పళ్ళను వదిలేయొద్దు. ముందు పళ్ళను కాపాడాలి గానీ వాటి అందం కోసం పిల్లాణ్ణి హింస పెట్టక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయం. గుంట కనిపించేసరికి పుచ్చు మొదలై చాలా నెలలై ఉంటుంది. పంటి మీద పాచిలో ఉండే బ్యాక్టీరియా మనం తిన్న తీపిని ఆమ్లంగా మారుస్తుంది. ఆ ఆమ్లం పన్ను పైపొరలోంచి క్యాల్షియాన్ని లాగేస్తుంది. కాసేపటికి లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచి, పోయిన ఖనిజాన్ని కొంత తిరిగి అతికిస్తుంది. రోజంతా ఈ తీయడం, పెట్టడం జరుగుతూనే ఉంటుంది. తీసేది ఎక్కువై పెట్టేది తక్కువైతే ముందు చిగురు పక్కన సుద్దలాంటి తెల్ల గీత వస్తుంది, తర్వాత అది పసుపు, గోధుమ, చివరికి గుంట. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. పాలసీసా నోట్లో పెట్టుకుని పడుకుంటే పాలు పై ముందు పళ్ళ చుట్టూ నిలవుంటాయి. కింది ముందు పళ్ళను నాలుక కప్పి ఉంచుతుంది కాబట్టి అవి బాగుంటాయి. మీవాడి నోట్లో కింది ముందు పళ్ళు తెల్లగా ఉండి, పైవి పాడై ఉంటే కారణం ఆ సీసాయే, ఎక్కడా వెతకక్కర్లేదు.

ఇదంతా చెప్పడం ఎందుకంటే, పుచ్చును మధ్యలో ఆపవచ్చు. తెల్ల గీత దశలో అయితే వెనక్కి కూడా మళ్ళించవచ్చు. గుంట పడ్డాక పోయిన పన్ను తిరిగి రాదు గానీ ఆ గుంట గట్టిపడి అక్కడితో ఆగిపోవచ్చు. నడుస్తున్న పుచ్చు లేత పసుపులో, కాంతి లేకుండా, మెత్తగా ఉంటుంది. ఆగిపోయిన పుచ్చు నల్లగా, నున్నగా, గట్టిగా ఉంటుంది. తల్లులు నలుపు చూసి హడలిపోతారు, లేత పసుపు చూసి "మరకేలే" అనుకుంటారు. మేము దానికి సరిగ్గా తలకిందులుగా ఆలోచిస్తాం.

మీ చెల్లి చెప్పిన చుక్క పేరు సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్. మేము పొట్టిగా ఎస్‌డీఎఫ్ అంటాం. ఇది నిన్నమొన్న వచ్చిన మందు కాదు. జపాన్‌లో 1970లోనే అనుమతి వచ్చింది. అమెరికాలో మందులకి అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ 2014లో పళ్ళ జివ్వుమనే బాధకి అనుమతించింది, డాక్టర్లు పుచ్చు ఆపడానికి కూడా వాడుతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. అందులోని వెండి బ్యాక్టీరియాని చంపుతుంది, ఫ్లోరైడ్ మెత్తబడ్డ పన్నును గట్టిపరుస్తుంది. పిల్లల మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే 38 శాతం ఎస్‌డీఎఫ్ రాసిన పుచ్చుల్లో నూటికి దాదాపు ఎనభై ఆగిపోయాయి. ముందు పళ్ళలో ఇంకా బాగా పనిచేస్తుంది, దవడ పళ్ళలో కాస్త తక్కువ. ఏడాదికి ఒకసారి కన్నా ఆరు నెలలకోసారి రాస్తే ఫలితం మెరుగు.

నోరు తెరవడు అన్నారు కాబట్టి ఎలా రాస్తారో కాస్త వివరంగా చెప్తాను. ఈ వయసు పిల్లల్ని చాలాసార్లు కుర్చీలో కూర్చోబెట్టం. డాక్టరూ తల్లీ ఎదురెదురుగా, మోకాళ్ళు ఆనేలా కూర్చుంటారు. బాబు మీ ఒళ్ళో మీవైపు మొహం పెట్టి, కాళ్ళు మీ నడుముకి అటూ ఇటూ వేసి కూర్చుంటాడు. అలాగే వెనక్కి వాల్చితే తల డాక్టరు ఒళ్ళోకి వస్తుంది. చేతులు మీరు పట్టుకుంటారు, వాడికి మీ మొహం కనిపిస్తూనే ఉంటుంది. ఏడుస్తాడు, ఏడవనివ్వండి, ఏడ్చేవాడి నోరు ఎలాగూ తెరిచే ఉంటుంది. పెదవులకి వ్యాజిలిన్ రాసి, బుగ్గలో దూది ఉండ పెట్టి, పన్ను తడి తుడిచి, గుండుసూది తలంత ఉండే చిన్న బ్రష్‌ని చుక్కలో ముంచి గుంటలో రుద్దుతారు. పన్నుకి ఒక నిమిషం ఉంచితే మంచిది, మరీ గింజుకుంటుంటే కొంత తక్కువైనా పనికొస్తుంది. ఒక చుక్క నాలుగైదు పళ్ళకి సరిపోతుంది. సూది లేదు, డ్రిల్లు చప్పుడు లేదు. రుచి మాత్రం ఇనుము నాకినట్టుంటుంది, మొహం చిట్లిస్తాడు.

రంగు విషయంలో మాత్రం ఏమీ దాచకుండా చెప్పాలి. పుచ్చిన భాగం నల్లబడుతుంది, బాగున్న పన్ను నల్లబడదు. నాలుగు ముందు పళ్ళకి రాస్తే నవ్వినప్పుడు నాలుగు నల్లమచ్చలు కనిపిస్తాయి, కొద్ది రోజుల్లోనే. అది తోమితే పోదు. పెదవికో బుగ్గకో తగిలితే వచ్చే మరక వారం పది రోజుల్లో పోతుంది, చొక్కాకి అంటితే మాత్రం ఆశ వదులుకోండి. మంచి బట్టలు వేసుకుని రావద్దని మేము ముందే చెప్తాం. చిగురు ఒకటి రెండు రోజులు తెల్లబడి మామూలవుతుంది. వెండి అంటే ఎలర్జీ ఉన్నవాళ్ళకి, నోట్లో పుళ్ళు ఉన్నప్పుడు రాయకూడదు. నా సలహా ఏమిటంటే, రాయించే ముందు ఇంట్లో పెద్దవాళ్ళందరికీ ఫోటోలు చూపించండి. రాయించి ఇంటికెళ్ళాక "పిల్లాడి పళ్ళు నల్లగా చేసి పంపారేంటి" అని నానమ్మ అడిగితే, ఆ గొడవ పుచ్చు కన్నా ఎక్కువ రోజులు నడుస్తుంది. రంగు బొత్తిగా ఒప్పుకోలేకపోతే, కొన్ని వారాల తర్వాత దాని మీద గ్లాస్ అయోనమర్ అనే తెల్ల సిమెంట్ పెట్టించవచ్చు. అంచుల్లో కొంచెం బూడిద రంగు కనిపిస్తుంది, అయినా చాలావరకు కప్పుతుంది. వాడు కొంచెం పెద్దయి సహకరించాక తెల్ల క్యాప్‌ల గురించి ఆలోచించవచ్చు.

దవడ పళ్ళకి నేనైతే ఎస్‌డీఎఫ్ ఒక్కదాని మీదే ఆధారపడను. అక్కడ గుంటలో అన్నం ఇరుక్కుంటుంది, బ్రష్ అందదు. ఎక్స్‌రేలో నరానికీ పుచ్చుకీ మధ్య గట్టి పన్ను ఇంకా మిగిలి ఉందని తేలితే హాల్ పద్ధతి అని ఒకటుంది. స్కాట్లాండ్‌లో నోర్నా హాల్ అనే డెంటిస్ట్ తన క్లినిక్‌లో మొదలుపెట్టారు. పుచ్చు గీకరు, పన్ను అరగదీయరు, మత్తు సూది వేయరు. పన్నుకి సరిపడే సైజు స్టీలు క్యాప్ తీసుకుని, లోపల సిమెంట్ నింపి, పన్ను మీద పెట్టి వేలితో గట్టిగా నొక్కుతారు, మిగతాది వాడే కొరికి దించుతాడు. లోపల పుచ్చు అలాగే ఉంటుంది. చాలామందికి ఇక్కడే మింగుడుపడదు, "పుచ్చు లోపల పెట్టి మూసేస్తారా?" అంటారు. మూసేస్తాం. బ్యాక్టీరియాకి తిండి తీపి. క్యాప్ కింద దానికి అది అందదు, ఆకలికి చస్తుంది, పుచ్చు ఆగిపోతుంది. స్కాట్లాండ్‌లోనే ప్రతి పిల్లవాడి నోట్లోనూ ఒక పన్నుకి హాల్ క్యాప్, ఇంకో పన్నుకి మామూలు ఫిల్లింగ్ చేసి పోల్చి చూశారు. ఐదేళ్ళ తర్వాత నొప్పి, చీము లాంటి పెద్ద సమస్యలు ఫిల్లింగ్ పళ్ళలో 16.5 శాతం, క్యాప్ పళ్ళలో 3 శాతం. ఫిల్లింగ్ కన్నా ఏమీ గీకకుండా మూసినదే బాగా నిలిచింది.

క్యాప్ పెట్టడానికి కొన్ని రోజుల ముందు పళ్ళ సందుల్లో నీలం రంగు రబ్బరు రింగులు ఇరికిస్తారు, చోటు చేయడానికి. అవి కొంచెం సలుపుతాయి. క్యాప్ పెట్టాక పళ్ళు పూర్తిగా కలవవు, ఆ ఒక్క పన్నే ముందు తగులుతుంది. "వాడు సరిగా నమలట్లేదు" అని మర్నాడే ఫోన్ వస్తుంది. కొద్ది వారాల్లో పళ్ళు సర్దుకుంటాయి, పిల్లల దవడకి ఆ వెసులుబాటు ఉంది. ఒకేరోజు రెండు వైపులా పెట్టించుకోకండి, ఒకవైపు సర్దుకున్నాక రెండోది. రంగు వెండిదే. మా దగ్గర పిల్లలకి "నీకు ఐరన్‌మ్యాన్ పన్ను" అంటే గర్వంగా చూపించుకుని తిరుగుతారు, టెన్షనంతా పెద్దవాళ్ళదే.

గుంట చిన్నదైతే క్యాప్ కూడా అక్కర్లేదు. మెత్తటి భాగాన్ని చేతి పనిముట్టుతో చెంచాతో తీసినట్టు తీసి, గ్లాస్ అయోనమర్ సిమెంట్ నింపేస్తారు. 1980ల్లో కరెంటు లేని టాంజానియా పల్లెల కోసం తయారైన పద్ధతి ఇది. ఇప్పుడు అన్ని వసతులున్న చోట కూడా పిల్లలకి వాడుతున్నాం, చప్పుడు ఉండదు కాబట్టి. ఇంకా పుచ్చని పళ్ళకి ఫ్లోరైడ్ వార్నిష్, లోతైన గాళ్ళున్న దవడ పళ్ళకి ఆ గాళ్ళను పూడ్చే సీలెంట్ అనే పూత. వార్నిష్ జిగురులాంటిది, రాయడానికి రెండు నిమిషాలు పట్టదు, మూడు నుంచి ఆరు నెలలకోసారి రాస్తారు. ఆ రాత్రికి బ్రష్ చేయొద్దంటారు, వేడివీ గట్టివీ పెట్టొద్దంటారు, అంతే.

ఇక మీ అత్తయ్యగారి మాట. ఆవిడ భయాన్ని కొట్టిపారేయకండి, అది ఊరికే పుట్టిన భయం కాదు. మనదేశంలో ఫ్లోరోసిస్‌ని, అంటే ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళు, ఎముకలు దెబ్బతినే జబ్బుని, మొదట గుర్తించి రాసింది మన ప్రాంతంలోనే. 1937లో షార్ట్ అనే డాక్టరు బృందం పొదిలి, దర్శి, కనిగిరి వైపు, అప్పట్లో అది నెల్లూరు జిల్లా, నడుములు వంగిపోయిన మనుషుల్ని పరీక్షించి, కారణం బావినీళ్ళలోని ఫ్లోరైడ్ అని తేల్చింది. వినుకొండ, బొల్లాపల్లి వైపు బోరునీళ్ళలో కూడా ఈ సమస్య ఉంది. పసుపు మచ్చల పళ్ళు, బిగుసుకుపోయిన కీళ్ళు ఆవిడ కళ్ళారా చూసి ఉంటారు. ఆ మనిషి ముందు "ఫ్లోరైడ్ మంచిది" అని ఒక్క ముక్కలో అంటే ఎందుకు వింటారు?

కాబట్టి లెక్క చెప్పండి. తాగేనీళ్ళలో లీటరుకి 1 మిల్లీగ్రాము దాకా ఫ్లోరైడ్ ఉండవచ్చనీ, వేరే నీళ్ళు దొరకనప్పుడు 1.5 దాకా ఒప్పుకోవచ్చనీ మన దేశపు ప్రమాణం. లీటరుకి 4 మిల్లీగ్రాములున్న బోరునీళ్ళు రోజుకి రెండు లీటర్లు తాగితే 8 మిల్లీగ్రాములు ఒంట్లోకి వెళ్తుంది, రోజూ, ఏళ్ళ తరబడి. నడుములు వంచేది అది. 1000 పీపీఎం పేస్టు, అంటే పది లక్షల పాళ్ళలో వెయ్యి పాళ్ళు ఫ్లోరైడ్ ఉన్నది, బియ్యపుగింజంత తీసుకుంటే అందులో ఉండేది దాదాపు 0.1 మిల్లీగ్రాము, బఠాణీ గింజంత అయితే 0.25. మొత్తం మింగినా అంతే. ఎస్‌డీఎఫ్ ఒక చుక్కలో ఒకటి రెండు మిల్లీగ్రాములుంటుంది, అదీ ఆరు నెలలకోసారి. ఫ్లోరైడ్ పంటి మీద ఉంటే మేలు చేస్తుంది, నీళ్ళతో పాటు ఏళ్ళకేళ్ళు కడుపులోకి వెళ్తే కీడు చేస్తుంది. సెలవులకి వినుకొండ వెళ్ళినప్పుడు పిల్లలకి బోరునీళ్ళు తాగించొద్దని ఆవిడ అంటే మాత్రం ఆ మాట తప్పక వినండి. ఇంకో జాగ్రత్త, పేస్టు ట్యూబు పిల్లలకి అందేచోట పెట్టకండి. 100 గ్రాముల ట్యూబు మొత్తంలో 100 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటుంది, పదిహేను కిలోల పిల్లాడు స్ట్రాబెర్రీ రుచని అదంతా తినేస్తే అది విషమే.

పేస్టు కొనేటప్పుడు డబ్బా మీద బొమ్మ చూసి మోసపోవద్దు. పిల్లల పేస్టుల్లో కొన్నిట్లో ఫ్లోరైడ్ అసలు ఉండదు, కొన్నిట్లో సగమే ఉంటుంది. ట్యూబు వెనక సన్నక్షరాల్లో పీపీఎం రాసి ఉంటుంది, 1000 ఉన్నది తీసుకోండి, మనదేశంలో అంతకు మించి అనుమతి లేదు. మూడేళ్ళ లోపు బియ్యపుగింజంత, మూడు దాటాక బఠాణీ గింజంత. మీవాడికి పుచ్చు ఉంది కాబట్టి ఉమ్మించండి గానీ నీళ్ళు పోసి పుక్కిలించనివ్వకండి, నోట్లో మిగిలిన ఆ కాస్త పేస్టే రాత్రంతా పని చేసేది. తోమాల్సింది మీరు, వాడు కాదు. వాడి చేతికిస్తే నములుతాడు. వాణ్ణి మంచం మీద పడుకోబెట్టి, మీరు తల వెనక కూర్చుని, ఎడమచేత్తో పెదవి ఎత్తి, చిగురు అంచు దగ్గర తోమండి. రాత్రిపూట తోమడమే ముఖ్యం. పొద్దున స్కూలు హడావిడిలో ఒకరోజు తప్పినా క్షమించవచ్చు, రాత్రిది తప్పకూడదు. తోమాక నీళ్ళు తప్ప ఇంకేమీ లోపలికి వెళ్ళకూడదు. దగ్గు సిరప్ ఉన్నా తోమడానికి ముందే పట్టేయండి, దాంట్లోనూ పంచదార ఉంటుంది. బొగ్గుపొడి, ఉప్పు వద్దు, గరుకుగా గీరి పైపొరని ఇంకా పల్చన చేస్తాయి.

మరి పాలసీసా? ఒక్కరోజులో లాగేసుకుంటే మీ ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. ముందు పంచదార, బూస్ట్ లాంటి పొడులు ఆపేయండి. తర్వాత పాలలో నీళ్ళ వంతు మెల్లగా పెంచుకుంటూ పోండి, రెండు మూడు వారాల్లో సీసాలో నీళ్ళే మిగులుతాయి. ఆ సీసా మీద వాడికే మోజు పోతుంది. పాలు పడుకునే ముందు గ్లాసుతో, తర్వాత బ్రష్. "పంచదార మానేశాం, బెల్లమే వేస్తున్నాం" అనే మాట రోజూ వింటాను. ఒంటికి ఏమోగానీ పంటికి రెండూ ఒకటే. తేనె కూడా, ఖర్జూరం కూడా.

తీపి ఎంత తిన్నాడన్నదాని కన్నా ఎన్నిసార్లు తిన్నాడన్నది ముఖ్యం. తిన్న ప్రతిసారీ దాదాపు అరగంట సేపు నోట్లో ఆమ్లం నిలుస్తుంది. బందరు లడ్డూ అన్నం తిన్న వెంటనే పెట్టేయండి, నాకేమీ అభ్యంతరం లేదు. అదే గ్లూకోజ్ బిస్కెట్ ప్యాకెట్ చేతికిచ్చి సాయంత్రం దాకా కొరుక్కుంటూ తిరగనిస్తే, లాలాజలానికి సర్దుకునే సందే దొరకదు. అంటుకునేవి మరీ చెడ్డవి. మామిడితాండ్ర పులుపూ తీపీ జిగురూ మూడూ ఉన్నది, దాన్ని బుగ్గన పెట్టుకుని చప్పరించే పిల్లల దవడ పళ్ళు చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. మధ్యలో ఆకలంటే వేయించిన వేరుశనగలు (నలిపి పెట్టండి, గింజ గొంతులో అడ్డుపడే వయసు), పెరుగన్నం, ఉడికించిన గుడ్డు, జామముక్క పెట్టండి.

మత్తు గురించి. మీరు చూపించిన డాక్టరు తప్పు చెప్పారని నేననను, పన్ను చూడకుండా అనకూడదు కూడా. నరం దాకా పాడైన పళ్ళు నాలుగైదు ఉన్నప్పుడు, లేదా ఆటిజం లాంటి కారణాలతో పిల్లలు అసలు సహకరించలేనప్పుడు, మత్తు డాక్టరు ఉన్న మంచి ఆసుపత్రిలో అన్నీ ఒకేసారి చేసేయడమే నయం. అమెరికా ఎఫ్‌డీఏ 2016లో చేసిన హెచ్చరిక మూడేళ్ళ లోపు పిల్లలకి మూడు గంటలు మించి గానీ, మళ్ళీ మళ్ళీ గానీ మత్తు ఇవ్వడం గురించి. అది చదివి బెంబేలెత్తక్కర్లేదు. కానీ నొప్పి లేని, వాపు లేని, ఇంకా నరం బతికున్న పళ్ళకి మత్తు మొదటి మెట్టు కాకూడదని నా అభిప్రాయం. ఇంకో మాట, మత్తు ఇచ్చి ఆరు పళ్ళూ బాగుచేయించినా రాత్రి సీసా ఆగకపోతే ఏడాది తిరిగేసరికి కొత్త పళ్ళు పుచ్చుతాయి. ఆగితే ఈ చుక్కమందుకి కూడా బలం వస్తుంది.

రెండో అభిప్రాయం కోసం పిల్లల పళ్ళలో ఎండీఎస్ (డెంటల్ పీజీ) చేసినవాళ్ళ దగ్గరికి వెళ్ళండి. విజయవాడలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది, గన్నవరం దగ్గర చినఅవుటపల్లిలో సిద్ధార్థ డెంటల్ కాలేజీ ఉంది, గుంటూరు వైపైతే తక్కెళ్ళపాడులో సిబార్ డెంటల్ కాలేజీ. కాలేజీల్లో పిల్లల విభాగం విడిగా ఉంటుంది, ఖర్చు తక్కువ, కాకపోతే ఓపిక పట్టి కూర్చోవాలి. అక్కడ అడగాల్సింది ఇది. ఏ పన్నులో నరం బాగుంది, ఏ పన్నులో లేదు, ఎక్స్‌రేలో చూపించమనండి. ఎస్‌డీఎఫ్ రాస్తారా, హాల్ క్యాప్ పెడతారా అని పేరు పెట్టి అడగండి. "మా దగ్గర లేదు" అంటే తప్పేమీ లేదు, ఉన్నచోటికి పంపమనండి. ఆగిందో లేదో మళ్ళీ ఎప్పుడు చూస్తారని అడగడం మర్చిపోవద్దు. మొదటిసారి రాసిన రెండు నుంచి నాలుగు వారాల్లో చూసి, మెత్తగా ఉన్నచోట మళ్ళీ రాయాలి, ఆ తర్వాత ఆరు నెలలకోసారి. రాయించుకుని మళ్ళీ మొహం చూపించని వాళ్ళ పిల్లల్లోనే ఎక్కువగా పుచ్చు మళ్ళీ కదులుతుంది. మీరు చెప్పినదాన్ని బట్టి నా ఊహ ఏమిటంటే, ముందు పళ్ళకి ఎస్‌డీఎఫ్, దవడ పళ్ళకి ఎక్స్‌రే బాగుంటే హాల్ క్యాప్‌లు, మిగతావాటికి వార్నిష్. ఒకవేళ ఒక దవడ పన్నులో నరం పోయిందని తేలితే దానికి మాత్రం నరం తీసి మందు నింపడమో, పీకి ఖాళీ చోటు కాపాడే క్లిప్పు పెట్టడమో చేయాలి. ఒక్క పన్నుకైతే అది చాలామంది పిల్లల్లో చిన్న సూదితోనే అయిపోతుంది.

పాప సంగతి సులువు. మొదటి పన్ను కనిపించిన రోజు నుంచే మెత్తటి చిన్న బ్రష్‌తో, పేస్టు బ్రష్ మీద అంటీ అంటనట్టు రాసి, రోజుకి రెండుసార్లు. తల్లిపాలు ఆపక్కర్లేదు. ఏడాది దాటాక మాత్రం రాత్రంతా నోట్లో ఉంచుకుని పడుకునే అలవాటు తగ్గించండి. పాలపీకకి తేనె రాయొద్దు. అన్న తిన్న చెంచాతో చెల్లికి పెట్టొద్దు, వాడి నోట్లోని బ్యాక్టీరియా దాని నోట్లో కాపురం పెడుతుంది. మొదటి పుట్టినరోజు లోపు ఒకసారి చూపించండి. బాబుని మళ్ళీ చెకప్‌కి తీసుకెళ్ళేటప్పుడు దాన్నీ వెంట తీసుకెళ్తే సరిపోతుంది.